పాత సైకిలు - కొత్త రంగు

జగిత్యాల వైపు ఒక పల్లె. ఆ పల్లెలో బీడీలు చుట్టే ఒక తల్లి ఉంది. భర్త దుబాయి పోయిండు. బిడ్డ ఏడో తరగతి పాసయింది. ఊరి బడిలో ఏడు వరకే ఉంది. ఎనిమిదికి పోవాలంటే నాలుగు కిలోమీటర్లు పోవాలి. బస్సు వస్తది, కాని బడి టైముకు రాదు.

"ఆడపిల్లకు ఏడు చాలదా? ఇంట్ల కూసోని బీడీలు చుడితే నాలుగు పైసలు వస్తయి" అన్నది అత్త.

తల్లి ఏమీ అనలేదు. తునికాకు కత్తిరిస్తూ కొట్టం వైపు చూసింది. అక్కడ భర్త సైకిలు ఉంది. ఆరేండ్ల నుంచి కదలలేదు. రాత్రి దాని మీద కోళ్లు కూర్చుంటాయి. టైర్లు పగిలాయి. చైను బిగుసుకుపోయింది. నల్ల రంగు పోయి ఎర్రటి జంగు పట్టింది.

కొత్త సైకిలు కొనడానికి చేతిలో పైసలు లేవు. పాతదాన్ని బాగు చేస్తే?

ముందు చూడాలి

తెల్లారి తల్లీబిడ్డలు సైకిలును మిస్త్రీ దగ్గరికి మోసుకుపోయారు.

"అన్నా, ఇది మళ్ల నడుస్తదా?" అని తల్లి అడిగింది.

మిస్త్రీ సైకిలును తిప్పి తిప్పి చూసిండు. పానాతో అక్కడక్కడ కొట్టి చూసిండు.

"జంగు రెండు తీర్లు, చెల్లె. పైజంగు గీకితే పోతది. లోపలికి తిన్న జంగు పోదు. అతుకుల కాడ, ముందు ఫోర్కు కాడ పగులు ఉంటే రంగుతో దాచొద్దు. నడిరోడ్డు మీద విరిగితే పానం మీదికి వస్తది. నీ బండికి పగుళ్లు లేవు. ఒళ్లు గట్టిగనే ఉన్నది."

తర్వాత సైకిలు ఇనుము మీద చెక్కిన అంకెలు చూపిండు. "ఇది బండి నెంబరు. రాసి పెట్టుకో. బండి పోతే ఠాణాల ఇదే చెప్పాలె. రంగు మందంగ పూసి దీన్ని పూడ్చొద్దు."

తల్లి ఒక్కొక్క అంకె చదివింది. బిడ్డ నోటుబుక్కులో తన చేతితోనే రాసింది.

విప్పుడు

మిస్త్రీ విప్పుతుంటే తల్లి చూసి నేర్చుకుంది. కుడి పెడలును ఎడమకు తిప్పితే ఊడింది. ఎడమ పెడలును కూడా అట్లనే తిప్పింది. రాలేదు.

"అది ఉల్టా మర. కుడికి తిప్పాలె. తొక్కేటప్పుడు వదులు కావద్దని అట్ల చేస్తరు" అన్నాడు మిస్త్రీ.

చక్రాల నడుమ, పెడళ్ల కాడ చిన్న ఉక్కు బాల్సు ఉంటాయి. అన్నీ ఒక్క కొలత కావు. కలిసిపోతే మళ్లీ బిగించడం కష్టం. తల్లి నాలుగు డబ్బాలు తెచ్చింది. నాలుగు చీటీలు రాసి అంటించింది. "ముందు చక్రం", "వెనుక చక్రం", "పెడళ్లు", "హాండిలు". మిస్త్రీ చీటీలు చదివి నవ్విండు. "నా దుకాణంల కూడ ఇట్ల లేదు చెల్లె" అన్నాడు.

తొందరపడిన బిడ్డ

బిడ్డకు ఆత్రం. సాయంత్రం తల్లి లేనప్పుడు మడ్‌గార్డు మీద జంగు పైననే నీలం రంగు పూసింది. చూస్తే కొత్తదే అనిపించింది. నాలుగు రోజులకు రంగు పొక్కులు లేచింది. గోటితో గీకితే పెచ్చులుగా ఊడింది. కింద జంగు అట్లనే ఉంది. బిడ్డ ఏడ్చింది.

తల్లి తిట్టలేదు. ఆమె పుట్టిల్లు నిర్మల్ దగ్గర. చిన్నప్పుడు బొమ్మలు చేసేవాళ్లను చూసింది.

"నిర్మల్ బొమ్మకు ఆఖరికి రంగేస్తరు బిడ్డా. ముందు పొనికి కట్టెను చెక్కుతరు. కట్టెపొట్టు, చింతగింజల జిగురు కలిపి అతుకులు పూడుస్తరు. నున్నగ రుద్దుతరు. తెల్లమట్టి పూస్తరు. అటెనుకనే రంగు. లోపల ఒళ్లు మంచిగుంటేనే పైన రంగు నిలుస్తది."

జంగు గీకుడు

ఇద్దరూ మళ్లీ మొదలుపెట్టారు. దుకాణం నుంచి గరుకు కాగితం తెచ్చారు. దీన్ని ఎమెరీ పేపరు అంటారు. దాని వెనుక నెంబరు ఉంటుంది. 80 నెంబరు చాలా గరుకు. 220 కొంచెం నున్న. 400 ఇంకా నున్న. నెంబరు పెరిగితే గరుకు తగ్గుతుంది. ముందు 80తో జంగు తీసి, తర్వాత 220తో రుద్దాలి.

ఒక జాగ్రత్త ఉంది. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. సీసం దుమ్ము పిల్లల మెదడుకు చేటు చేస్తుంది. ఇండ్లకు వేసే రంగుల్లో 10 లక్షల పాళ్లకు 90 పాళ్లకు మించి సీసం ఉండరాదని మన దేశంలో 2016లో నియమం చేశారు. 2017 నవంబరు నుంచి అది అమలైంది. పాత సైకిలు రంగు అంతకు ముందుది. అందుకే పాత రంగును పొడిగా గీకవద్దు. నీళ్లలో తడిపి రుద్దే ఎమెరీ పేపరు దొరుకుతుంది. దానితో తడిపి రుద్దాలి. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి. చిన్న పిల్లలను దూరం ఉంచాలి. ఆ పని వంటకాడ, బీడీ చాట కాడ చేయవద్దు. పని అయినాక చేతులు సబ్బుతో కడగాలి.

తడి ఇనుమును వెంటనే తుడిచి ఎండబెట్టాలి. లేకుంటే మళ్లీ జంగు పడుతుంది.

రంగు వేసుడు

సైకిలు ఒళ్లును తీగతో వేపకొమ్మకు వేలాడగట్టారు. మరలు ఉన్న చోట, బాల్సు తిరిగే చోట కాగితం చుట్టారు. ముందు రెడాక్సైడు పూశారు. ఇది జంగును ఆపే కింది పూత. ఒక రాత్రి ఆరబెట్టారు. 400 కాగితంతో మెల్లగా రుద్ది, గుడ్డతో తుడిచారు. తర్వాత నీలం ఎనామిలు రంగు. పలుచగా ఒక పూత. అది బాగా ఆరినాక ఇంకో పూత. మందంగా పూస్తే రంగు కారి చారలు పడుతుంది. వాన ముసురులో వేస్తే సరిగా ఆరదు.

చైనును మిస్త్రీ గ్యాస్‌నూనెలో నానబెట్టి కడిగిండు. బాల్సుకు కొత్త గ్రీసు పెట్టిండు.

టైరు మీద అంకెలు

టైర్ల కోసం తల్లి ఒక్కతే జగిత్యాల పోయింది. దుకాణంలో ఒక టైరు తీసి ఇచ్చారు. ఆమె దాని మీద అంకెలు చదివింది. 26 అని ఉంది.

"మాది 28, ఒకటిన్నర. చీటి మీద రాసుకొచ్చిన. పాత టైరు మీద చూసే రాసిన" అన్నది.

దుకాణం మనిషి టైరు మార్చి ఇచ్చిండు. చదువు రాకపోతే ఇంటికి తెచ్చి, మళ్లీ బస్సు కిరాయి పెట్టుకొని పోవలసి వచ్చేది.

బడి మొదటి రోజు

సీటు కిందికి దించారు. చున్నీ చిక్కకుండా చైను కవరు బిగించారు. ముందు బ్రేకు, వెనుక బ్రేకు పట్టి చూశారు. తల్లి క్యారియరు పట్టుకుంటే బిడ్డ చెరువు కట్ట మీద వారం రోజులు నేర్చుకుంది. రెండుసార్లు పడింది. మోకాలు గీసుకుపోయింది. రంగు మాత్రం లేవలేదు.

బడి మొదటి రోజు అత్త వాకిట్లోకి వచ్చింది. సైకిలును చేతితో తడిమింది.

"నా కొడుకు సైకిలే ఇది" అన్నది. కొంచెం ఆగి, "సద్ది గిన్నె క్యారియరుకు గట్టిగ కట్టు, పడిపోతది" అన్నది.

తెలుసుకుందాం

తమిళనాడులో పుదుక్కోట్టై అనే జిల్లా ఉంది. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ అనే మహిళ. చదువుతో పాటు ఆడవాళ్లకు సైకిలు కూడా నేర్పారు. లక్ష మందికి పైగా నేర్చుకున్నారని పత్రికా రచయిత పి. సాయినాథ్ రాశారు. చాలామంది డండ ఉన్న మగవాళ్ల సైకిలునే కొనుక్కున్నారు. ఎందుకంటే డండ మీద చంటిబిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు.

ఆలోచించండి

1. జంగు మీద పూసిన రంగు ఎందుకు నిలువలేదు?
2. తల్లికి చదువు ఎన్ని చోట్ల పనికి వచ్చింది? లెక్కపెట్టండి.
3. మీ ఊరి ఆడపిల్లలు ఏ తరగతితో బడి మానుతున్నారు? కారణం ఏమిటి? సంఘంలో మాట్లాడండి.

చదవండి, రాయండి

జంగు - చైను - చక్రం - పెడలు - బ్రేకు - రంగు

మీ ఇంట్లో సైకిలు ఉంటే దాని నెంబరు వెతకండి. టైరు మీద అంకెలు చదవండి. రెండూ ఇక్కడ రాయండి.

సైకిలు నెంబరు: ................

టైరు కొలత: ................