దోముహాని చెంత అన్నచక్రము

జంషెడ్‌పూర్ నగరమున సోనారి యను ప్రాంతము కలదు. అచట ఖర్కాయి నది సువర్ణరేఖలో కలియును. ఆ సంగమమును దోముహాని యందురు. ఛఠ్ పర్వమున భక్తులు ఆ నీట నిలిచి సూర్యున కర్ఘ్య మిత్తురు. నగరమున కుత్తరమున దల్మా కొండలు, వాటిపై సాలవృక్షముల అడవి యున్నవి.

ఆ అడవికి ఎరువు వేయువా రెవ్వరును లేరు. అయినను అది ఏటేట చిగుర్చుచునే యున్నది. తెలుగున గుగ్గిలపుచెట్టు అనబడు ఈ సాలము ఆకు రాల్చుటకు ముందే అందలి నత్రజని, భాస్వరములలో కొంతభాగమును కొమ్మలలోనికి తీసికొనును. మిగిలినది నేల రాలును. వానపాములు, చెదలు, కంటి కగపడని సూక్ష్మజీవులు దానిని కొరికి, కుళ్ళజేసి, వేళ్ళు గ్రహింపదగిన లవణములుగా మార్చును. వేళ్ళ నంటి బ్రతుకు శిలీంధ్రములును కలవు. అవి మట్టిలోని భాస్వరమును చెట్టున కందించి, మారుగా చక్కెరను పుచ్చుకొనును. వర్షాకాలమున జార్ఖండ్ సంతలలో అమ్ముడుపోవు రుగ్డా అట్టిదే. కొనువారికి అది రుచిగల కూర. అడవికి అది వేరునకును మట్టికిని నడుమ దూత.

గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనియే గనుక, పప్పుజాతి మొక్కల వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులు దానిని నేలకు దింపగలవు. భాస్వరమునకు ఆకాశమార్గము లేదు. అది నదివెంట బంగాళాఖాతము చేరి అడుగున పేరుకొన్నచో, శిలయై మరల నేలపైకి వచ్చుటకు కోట్ల ఏండ్లు పట్టును.

ప్రాణులు అన్నమువలన, అన్నము వర్షమువలన, వర్షము యజ్ఞమువలన కలుగునని గీత మూడవ అధ్యాయము చెప్పుచున్నది. ఈ చక్రము ననుసరింపనివాని బ్రదుకు వ్యర్థమనుచున్నది. ఇందు నేటి విజ్ఞానశాస్త్రమంతయు ఇమిడియున్నదని వాదించుట అనవసరము. శాస్త్రము చెప్పునది జరుగు తీరు. గీత చెప్పునది మనుజుడు చేయవలసిన పని. అయినను రెండింటను ఒక ప్రశ్న సమానము: పుచ్చుకొన్నదానిని తిరిగి ఎవరి కిచ్చుచున్నాము?

ఇచ్చుటయు పారవేయుటయు ఒకటి కావు. అడవిలో రాలిన ఆకునకు పుచ్చుకొనువారు కలరు. పొలమునుండి నగరమునకు వచ్చిన ధాన్యసారము మాత్రము తిరిగి పొలము చేరదు, మురుగునీటితో నదిపాలగును. దానిని కుళ్ళజేయు సూక్ష్మజీవులు నీటిలో కరగిన ప్రాణవాయువును హరించుటచే చేపలు ఊపిరాడక చచ్చును. మిగిలిన నత్రజని, భాస్వరములు నాచును, గుర్రపుడెక్కను పెంచును. పొలమున అన్నము కావలసినదే నీట విషమగుచున్నది.

పూజాద్రవ్యములకును ఈ న్యాయమే. గుప్పెడు పూలను పారునది భరించును. వేలయిండ్ల పూలరాశిని, అందును వేసవిలో నీరు సన్నగిల్లినపుడు, భరింపజాలదు. ఆ నగరమున తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములకు వినాయకచవితి పత్రి ఏటేట ఈ చిక్కును తెచ్చును. నిర్మాల్యమును కాలు తొక్కనిచోట ఉంచవలెననుట ఆచారము. ఆ చోటు నదియే కానక్కరలేదు, చెట్టు మొదలును కావచ్చును. పెరటిలో గుంత త్రవ్వి, పూలు, పత్రి, ఎండుటాకులు పొరలుగా పేర్చి, మన్ను కప్పి, తడి ఆరకుండ చూచినచో కొన్ని మాసములకు నల్లని ఎరువగును. జరీ దారములను, ప్లాస్టిక్ సంచులను ముందే వేరుచేయవలెను. వాటిని జీర్ణించుకొనగల ప్రాణి ఆ మట్టిలో లేదు.