హెడ్డింగ్ పెట్టే ముందు

చిరంజీవి సాహితికి,

మీ జర్నలిజం కాలేజీలో ఇచ్చిన రెండు అభ్యాసాలూ అందాయి. తెలుగు తేటగా ఉంది. నాకు గుచ్చుకున్నవి హెడ్డింగులే. 1991 గల్ఫ్ యుద్ధం వార్తకు ‘గురి తప్పని బాంబులు’ అని పెట్టావు. 2017లో సంగీత దర్శకుడు ఇళయరాజా గారి తరఫున గాయకుడు బాలు గారికి లీగల్ నోటీసు వెళ్లిన వార్తకు ‘స్నేహంలో చిచ్చు’ అన్నావు. రెండూ చదివిస్తాయి. రెండూ పక్కదారి పట్టిస్తాయి.

నిన్ను తిట్టే అర్హత నాకు పెద్దగా లేదులే. 1991 జనవరిలో నేను డెస్కులో రాత్రి షిఫ్టు సబ్ ఎడిటర్‌ని. టెలిప్రింటర్ ఆగకుండా కొట్టుకుంటుంటే కాగితం చుట్టలు చుట్టలుగా నేల మీద పడేది. చించడం, తెలుగు చేయడం, కంపోజింగ్‌కి పంపడం. ఏ ఏజెన్సీ కాపీ చూసినా లేజర్ బాంబుల ముచ్చటే. నేనూ ‘సూదిమొన మీద గురి’ అని అయిదు కాలాల హెడ్డింగ్ పెట్టాను. మర్నాడు న్యూస్ ఎడిటర్ గారు భుజం తట్టారు కూడా.

ఆ జనవరి చివర్లోనే రియాద్‌లో అమెరికా సేనాని ష్వార్జ్‌కాఫ్ విలేకరులకు ఒక వీడియో చూపించాడు. వంతెన మీద ఒక బండి వెళ్తోంది. అది అవతలికి దాటిందో లేదో, బాంబు వచ్చి వంతెనను కొట్టింది. ఇరాక్ మొత్తంలో ఇతనంత అదృష్టవంతుడు లేడన్నట్టు ఆయన చమత్కరిస్తే విలేకరులంతా నవ్వారు. ఆ నవ్వు గురించే ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. తెర మీద బండి కనబడింది, అందులో మనిషి కనబడలేదు. మనిషి కనబడి ఉంటే ఎవరికీ నవ్వు వచ్చేది కాదు.

యుద్ధం అయ్యాక లెక్కలు బయటికొచ్చాయి. అక్కడ వేసిన బాంబుల్లో గురిచూసి వెళ్లే రకం పదింట ఒకటి కూడా లేదు. మిగతావన్నీ మామూలు బాంబులే. సైన్యం టీవీలకు ఇచ్చినవి మాత్రం ఆ ఒక్క రకం వీడియోలు. నేను రాసిన ముక్కలో అబద్ధం లేదు. చూపించినంత మేరే జరిగిందనుకున్నాను, అంతే.

ఇక నీ హెడ్డింగ్ సంగతి. ఫిబ్రవరి 13న బాగ్దాద్‌లోని అమీరియా షెల్టర్ మీద రెండు లేజర్ బాంబులు పడ్డాయి. లోపల తలదాచుకున్న 400 మందికి పైగా మామూలు జనం చనిపోయారు. గురి నిజంగానే తప్పలేదమ్మా. ఆ చోటు సైనిక కేంద్రమనుకుని వేశామని అమెరికా చెప్పింది. ‘గురి తప్పని’ అన్న నీ మాట ఇక్కడ పెట్టి చదువు.

పాట సంగతికి వస్తే, ‘బాలు గారి పాట’ అని మనం అలవాటుగా అంటాం చూడు, తిరకాసు అక్కడే ఉంది. చట్టం లెక్కలో సాహిత్యం రచయితది, బాణీ సంగీత దర్శకుడిది, గొంతుకు గాయకుడి హక్కు వేరు, రికార్డింగ్ హక్కు మళ్లీ వేరు. 1977లో సుప్రీంకోర్టు సినిమా పాట హక్కుల విషయంలో నిర్మాతల వైపు మొగ్గింది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి రచయితకూ సంగీత దర్శకుడికీ రాయల్టీ వాటా ఖాయం చేశారు. పాటల రచయిత జావేద్ అఖ్తర్ రాజ్యసభలో దానికోసం గట్టిగా మాట్లాడాడు. ఇళయరాజా పాటల హక్కుల కేసులు మద్రాసు హైకోర్టులో ఏళ్ల తరబడి నడిచాయి. అమెరికాలో టికెట్లు అమ్మి పెట్టిన కచేరీలో బాలు గారు ఆ బాణీ పాడితే ఇళయరాజా అనుమతి కావాలా, వద్దా? వార్త అది. చట్టం సంగతి తనకు తెలియదనీ, చట్టమైతే పాటిస్తాననీ బాలు గారు మర్యాదగానే చెప్పారు. చిచ్చు పెట్టింది చాలావరకు మా బోటి హెడ్డింగులవాళ్లమే. ఇంత పేరుండి డబ్బుకోసమా అని ఇళయరాజాను ఆడిపోసుకున్నవాళ్లకు లెక్కలేదు.

దీనికి పక్కనే ఇంకొకటి పెట్టి చూడు. 2003 సెప్టెంబరులో అమెరికా రికార్డింగ్ కంపెనీల సంఘం, నెట్‌లో పాటలు పంచుకున్నారని 261 మంది మీద ఒకేసారి దావాలు వేసింది. అందులో 12 ఏళ్ల పిల్ల కూడా చిక్కుకుంది. 2,000 డాలర్లకు రాజీ కుదిరింది. అప్పుడు వాడిన మాటలు పైరసీ, దొంగతనం. అదే దేశపు సుప్రీంకోర్టు 1985లోనే, ఎల్విస్ ప్రెస్లీ దొంగ రికార్డుల కేసులో, కాపీరైట్ ఉల్లంఘనా దొంగతనమూ ఒకటి కావని చెప్పింది. పిల్లలు చేసింది ఒప్పని నేననను. కానీ కంపెనీ అడిగితే హక్కు అన్నారు, బాణీ కట్టిన మనిషి అడిగితే ఆశ అన్నారు.

సైన్యం ఇచ్చిన వీడియో అయినా, కంపెనీ ఇచ్చిన ప్రెస్‌నోట్ అయినా డెస్కు మీదికి ఊరికే రాదు. పేరు పెట్టుకునే వస్తుంది. ఆ పేరు మనం పెట్టింది కాదని రాత్రి పదకొండింటికి, ఎడిషన్ టైం ముంచుకొస్తున్నప్పుడు గుర్తుండటం కష్టం. నాకు గుర్తుండలేదు.

కాబట్టి ఆ రెండు వార్తలకూ కొత్త హెడ్డింగులు పెట్టి పంపు. అయిదు మాటలు దాటొద్దు. మొదటిదానిలో అమీరియా రావాలి. రెండోదానిలో ‘స్నేహం’ రాకూడదు.

మీ
పెదనాన్న