అంపైర్ ఫీజులో పన్ను కోత - మన డబ్బు మనం తిరిగి తెచ్చుకోవడం ఎలా?

మన హాస్టల్లో కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ ఆడి పెరిగినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆడటం మానేసినా కొందరం మైదానం వదల్లేదు. పీజీ చదువుకుంటూనే సెలవు రోజుల్లో రిఫరీలుగా, అంపైర్లుగా వెళ్తున్నాం. 2016 అక్టోబరు 11న మన మెదక్ పట్టణం జిల్లా కేంద్రమయ్యింది. ఆటల పని దగ్గరలోనే దొరికితే మనలాంటి వాళ్లకు అది పెద్ద ఆసరా. పుస్తకాలకు, బస్ పాసుకు, పరీక్ష ఫీజుకు ఇంటికి ఫోన్ చేయనక్కరలేదు.

అయితే ఆ డబ్బు వెంట పన్ను లెక్క కూడా వస్తుందని మాకు ఎవరూ చెప్పలేదు. మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. అడుగుదామంటే ఇంట్లో తెలిసినవాళ్లు లేరు. అందుకే మాకు జరిగిన నష్టంతోనే ఈ పాఠం మొదలుపెడుతున్నాం.

మాకు జరిగింది

2023-24లో మాలో ఒకరు ఒక లీగ్ పోటీలకు రోజుకు 1,000 రూపాయల చొప్పున 32 రోజులు రిఫరీగా పనిచేశాడు. రావలసింది 32,000. ఖాతాలో పడింది 25,600. "అన్నా, 6,400 తక్కువ పడ్డయి" అని అడిగితే "టీడీఎస్ పోయింది తమ్మీ" అన్నారు. అదేదో కమీషన్ అనుకుని ఊరుకున్నాడు. ఎం.కాం. చదువుతున్న మేము కూడా లోతుగా అడగలేదు. పాన్ నంబరు ఇవ్వనందుకు 20 శాతం కోశారని, ఇచ్చి ఉంటే 3,200 మాత్రమే పోయేదని, ఆ 3,200 కూడా తిరిగి వచ్చేదని ఏడాది తర్వాత తెలిసింది. పాన్ తీసుకుని, లెక్క సరిచేయమని నిర్వాహకుల చుట్టూ తిరిగాం. పని కాలేదు. ఆరు రోజులు ఎండలో నిలబడి ఈల ఊదిన కూలీ అలా పోయింది.

కోత ఎందుకు?

టీడీఎస్ అంటే డబ్బు ఇచ్చేవారు ముందే కొంత పట్టుకుని మన పేరున ప్రభుత్వానికి జమచేయడం. 2008లోనే ఐపీఎల్ మొదలైంది. అదే ఏడాది ఆగస్టు 21న కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు క్రీడాకారులు, అంపైర్లు, రిఫరీలు, కోచ్‌లు, వ్యాఖ్యాతలు మొదలైనవారి సేవలను 194జె సెక్షన్ కింద వృత్తి సేవలుగా ప్రకటించింది. పెద్ద స్టేడియంలో అంపైరుకైనా, మన దగ్గర కబడ్డీ రిఫరీకైనా సూత్రం ఒకటే. కోత 10 శాతం.

ఒకే సంస్థ ఏడాదిలో ఇచ్చే మొత్తం ఒక పరిమితి దాటితేనే ఈ కోత. ఆ పరిమితి ముందు 30,000 ఉండేది. 2025 ఏప్రిల్ 1 నుంచి 50,000 అయింది. దసరాకో సంక్రాంతికో ఊళ్లో యువకులు చందాలు వేసుకుని చేతికిచ్చే ఐదు వందల్లో సాధారణంగా కోత ఉండదు. కోత లేనంత మాత్రాన అది ఆదాయం కాకుండా పోదు. దాన్నీ లెక్కలో కలపాలి.

అసలు విషయం: కోత వేరు, పన్ను వేరు

2025-26 లెక్క ఒకటి వేసి చూద్దాం. ఒక విద్యార్థికి ఒక సంస్థ నుంచి రిఫరీ ఫీజు 56,000. ట్యూషన్లు చెప్పి సంపాదించింది 90,000. మొత్తం 1,46,000. కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా పన్ను లేదు. పాత విధానంలోనైనా 2.5 లక్షల దాకా లేదు. అంటే అతను కట్టవలసిన పన్ను సున్నా. కానీ సంస్థ 10 శాతం కింద 5,600 కోసింది. ఆ 5,600 అతనిదే. రిటర్న్ వేస్తేనే తిరిగి వస్తుంది. వేయకపోతే ఎవరూ పిలిచి ఇవ్వరు.

చేయవలసిన పనులు

1. పని ఒప్పుకునే ముందే పాన్ తీసుకోవాలి. 18 ఏళ్లు నిండి, ఆధార్‌కు ఫోన్ నంబరు జతచేసి ఉంటే ఆదాయపు పన్ను శాఖ వెబ్‌సైట్‌లో ఈ-పాన్ ఉచితంగా వస్తుంది.

2. ఒక నోట్‌బుక్ పెట్టాలి. తేదీ, స్థలం, ఇచ్చినవారు, మొత్తం, కోత రాయాలి. పని కోసం పెట్టిన బస్ ఛార్జీ, డ్రెస్, బూట్లు, ఈల ఖర్చులు కూడా రాసి రసీదులు దాచాలి. నిజమైన ఖర్చును వృత్తి ఆదాయంలో తగ్గించుకోవచ్చు.

3. కోసినవారిని ఫారం 16ఎ అడగాలి. వెబ్‌సైట్‌లో 26ఎఎస్ తెరిచి ఆ మొత్తం మన పాన్ మీద పడిందో లేదో చూడాలి. పడకపోతే వెంటనే అడగాలి. మాలాగా ఏడాది ఆగవద్దు.

4. గడువులోగా రిటర్న్ వేయాలి. జీతగాళ్లు వేసే ఐటీఆర్-1 వృత్తి ఆదాయానికి పనికిరాదు. దానికి ఐటీఆర్-3 ఉంది. మొదటిసారి తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకుని నింపడం మంచిది.

5. రిటర్న్ వేసిన 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో ధ్రువీకరించాలి. రీఫండ్ పడే బ్యాంకు ఖాతా మన పేరుతోనే ఉండాలి.

రెండు సందేహాలు

"15జి ఫారం ఇస్తే కోయరట కదా?" అని కొందరు అడుగుతారు. అది బ్యాంకు వడ్డీ వంటి వాటికి ఉంది. అంపైర్ ఫీజుకు వర్తించదు.

"రిటర్న్ వేస్తే మనల్ని ఉన్నోళ్ల కింద రాసుకుంటారేమో, స్కాలర్‌షిప్ పోతుందేమో" అన్నది ఇంకో భయం. మా నాయినలూ ఇదే అన్నారు. రిటర్న్ కొత్తగా ఆదాయాన్ని పుట్టించదు, ఉన్నదాన్ని ఉన్నట్టు చెబుతుంది. ఏ దరఖాస్తులోనైనా నిజమే రాసేవారికి రెండు చోట్లా ఒకే లెక్క ఉంటుంది. ఆదాయం దాచడం తప్పు గానీ చెప్పడం తప్పు కాదు.

2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చే ఆదాయానికి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వర్తిస్తుంది. సెక్షన్ల అంకెలు, కొన్ని ఫారాల పేర్లు మారినా పాన్ ఇవ్వడం, లెక్క రాయడం, రిటర్న్ వేయడం మారవు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! మైదానంలో ఒక్క పాయింటు తప్పు పడితే పది మంది మన మీదికి వస్తారు. మన కష్టార్జితం లెక్కలో కూడా అంత పట్టింపు ఉండాలి. ఈ సంచిక చదివిన ఒక్కరైనా పాన్ తీసుకుని మైదానంలో దిగితే, మేము పోగొట్టుకున్న 6,400 వృథా కాలేదనుకుంటాం.