ఫోన్లో వచ్చిన యుద్ధం

ఉస్మానియా యూనివర్సిటీలో, ఆర్ట్స్ కాలేజీకి దగ్గర్లో, చాయ్ బండి నడిపే అక్క ఒకామె ఉందనుకోండి. ఇల్లు తార్నాకలో. చదవడం, రాయడం ఈ మధ్యనే నేర్చుకుంది. బ్యాంకులో ఆమెవి నాలుగు వేల రూపాయలు ఉన్నాయి. కూతురి ఫీజు కోసం దాచినవి.

అది 2025 మే నెల. అంతకు ముందు ఏప్రిల్ 22న కాశ్మీరులోని పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. మే 7 తెల్లవారుజామున మన సైన్యం పాకిస్తాన్‌లో, పాక్ ఆక్రమిత కాశ్మీరులో 9 చోట్ల దాడి చేసింది. ఆ రోజు సాయంత్రం 4 గంటలకు హైదరాబాదులో సైరన్లు మోగాయి. తార్నాకకు దగ్గరగా ఉన్న మౌలాలిలో కూడా మోగాయి. నిజంగా దాడి జరగలేదు. జరిగితే ఏం చేయాలో నేర్పడానికి మోగించారు. అయినా గుండెలు దడదడలాడాయి. భయపడ్డ మనిషికి ఏ మాటైనా నిజంలాగే వినిపిస్తుంది.

రెండు రోజులకు అక్క ఫోన్‌కు వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. చెల్లెలు పంపింది. ఏటీఎంలు రెండు మూడు రోజులు పనిచేయవట! అక్క కూడబలుక్కుని చదివింది. కాళ్ళల్లో వణుకు పుట్టింది. బండి మూసి తార్నాక చౌరస్తాకు బయలుదేరింది.

చాయ్ కోసం వచ్చిన ఒక అమ్మాయి చూసింది. ఆమె అక్కడే జర్నలిజం, అంటే వార్తలు రాసే చదువు, చదువుతున్నది.

"ఏందక్కా, ఎందుకట్ల ఉరుకుతున్నవ్?"

"ఏటీఎంలు బంద్ అయితయట చెల్లే. నా పైసలు ఏం గావాలె?"

అమ్మాయి ఫోన్ తీసుకుని చూసింది. "దీని మీద రెండు బాణాల గుర్తు ఉంది చూడు. అంటే ఇది చానా చేతులు మారి వచ్చింది. మొదలు ఎవరు రాసిండ్రో తెల్వదు. ఏ బ్యాంకు చెప్పిందో కూడా రాయలే."

తర్వాత ఇంకొకటి చూపించింది. ఆ మెసేజ్ అబద్ధమని కేంద్ర ప్రభుత్వ సంస్థ పీఐబీ మే 9న చెప్పింది. ఏటీఎంలు ఎప్పటిలాగే నడుస్తాయని చెప్పింది.

వెనుకటి రోజుల్లో పుకారు ఊరు దాటడానికి ఒక పూట పట్టేది. ఇప్పుడు బొటనవేలు ఆనిస్తే చాలు. ఇంకో సంగతి కూడా ఉంది. యూట్యూబ్, ఫేస్‌బుక్, ఎక్స్ లాంటివి ధర్మానికి నడవవు. జనం ఎంతసేపు చూస్తే వాటికి అంత ప్రకటనల డబ్బు. వీడియోలు పెట్టేవాళ్ళకూ అందులో వాటా దొరుకుతుంది. భయం, కోపం పుట్టించేవి జనం ఎక్కువ చూస్తారు. అందుకని అవే ముందుకు వస్తాయి. నింపాదిగా విచారించి రాసిన వార్త వెనకబడుతుంది.

ఆ రోజుల్లో రెండు దేశాలలోనూ అబద్ధాలు తిరిగాయి. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో విమానం కూలిన పాత వీడియో ఒకటి ఉంది. దాన్ని కరాచీ రేవు మీద మన నౌకాదళం చేసిన దాడి అన్నారు. వీడియో గేములోని బాంబులను నిజం బాంబులన్నారు. కరాచీ రేవు నాశనమైందని పేరున్న టీవీలు కూడా చెప్పాయి. మన దేశం గెలిచిందంటే ఎవరికి చేదు? కార్యక్రమాల్లో సైరన్ మోత వాడవద్దని మే 10న ప్రభుత్వం టీవీలకు చెప్పాల్సి వచ్చింది.

అయితే ప్రభుత్వం చెప్పినదంతా నమ్మవచ్చా? ఇక్కడే చిక్కు. యుద్ధంలో ఏ ప్రభుత్వమైనా తనకు మేలు చేసే మాటే చెబుతుంది. దాన్నే ప్రచారం అంటారు. 8,000 ఖాతాలను మన దేశంలో కనబడకుండా చేయమని ప్రభుత్వం ఆదేశించిందని ఎక్స్ కంపెనీ మే 8న చెప్పింది. వాటిలో వార్తా సంస్థలవి కూడా ఉన్నాయంది. మే 9న 'ద వైర్' అనే స్వతంత్ర వార్తా సంస్థ వెబ్‌సైట్‌ను కూడా ఆపారు. తర్వాత తెరిచారు. అబద్ధాన్ని ఆపే చెయ్యి, ప్రశ్న అడిగేవాళ్ళ నోరు కూడా మూయగలదు. అందుకే ఒక్కచోట చూసి ఊరుకోకుండా రెండు మూడు చోట్ల చూడాలి. హైదరాబాదులోనే 'ఫ్యాక్ట్‌లీ' అనే సంస్థ ఉంది. ఇలాంటి మెసేజ్‌లను, వీడియోలను పరీక్షించి తెలుగులో కూడా రాస్తుంది.

అక్క అమ్మాయిని వెంటబెట్టుకుని చౌరస్తాకు పోయింది. ఏటీఎం పనిచేస్తోంది. ఐదు వందలు తీసి చూసుకుంది. తర్వాత చెల్లెలికి ఫోన్ చేసింది.

"నీకెవరు పంపిన్రే ఆ ముచ్చట?"

"వదిన పంపింది."

"వదినకు?"

చెల్లెలు జవాబు చెప్పలేకపోయింది. అడిగి చెప్తానని ఫోన్ పెట్టేసింది.