భిన్నం గీత ఎక్కడికి పోయింది?

6 ఓమ్‌లు, 3 ఓమ్‌లు గల రెండు నిరోధాలను సమాంతరంగా కలిపితే ఫలిత నిరోధం ఎంత? సూత్రం మీకు తెలిసిందే: లవంలో రెండింటి లబ్ధం, హారంలో రెండింటి మొత్తం. మా తరగతిలో ఒక కుర్రవాడు సైంటిఫిక్ కాలిక్యులేటర్ మీద 6 × 3 ÷ 6 + 3 అని నొక్కి, జవాబు 6 ఓమ్‌లని రాశాడు. తప్పు యంత్రానిదేనని వాదించాడు కూడా!

యంత్రం తప్పు చెయ్యలేదు. గుణకార భాగహారాలను ఎడమ నుంచి కుడికి ముందు చేసి, కూడిక తరవాత చెయ్యడం దాని పద్ధతి. 18ని 6తో భాగించింది, 3 వచ్చింది. దానికి మరో 3 కలిపింది. పుస్తకంలో అయితే భిన్నం గీత హారాన్నంతా ఒక్కటిగా పట్టి ఉంచుతుంది. ఒకే వరుసలో నొక్కేటప్పుడు ఆ గీత ఉండదు కదా! కనుక ఆ పని బ్రాకెట్లకు అప్పగించాలి: 6 × 3 ÷ (6 + 3). ఇప్పుడు చూడండి, 2 వస్తుంది. (భిన్నాన్ని పుస్తకంలో లాగే పైన, కింద చూపే నమూనాలు కూడా ఉన్నాయి. అవి ఉన్నవారికి ఈ చిక్కు లేదు.)

అసలు 6 అనగానే అనుమానం రావలసింది. సమాంతర సంధానంలో ఫలిత నిరోధం, కలిపిన వాటిలో చిన్నదానికన్నా కూడా తక్కువగా ఉంటుంది. 3 కన్నా తక్కువ కావలసినది 6 ఎలా అవుతుంది?

−3 వర్గం కావాలన్నా (−3)² అనే నొక్కండి. బ్రాకెట్లు లేకపోతే చాలా యంత్రాలు ముందు 3కు వర్గం కట్టి, తరవాత రుణ గుర్తు తగిలించి −9 చూపిస్తాయి. సైన్ 30కి 0.5 బదులు −0.988 వస్తే మాత్రం బ్రాకెట్లను తిట్టకండి. యంత్రం రేడియన్లలో ఉంది, డిగ్రీలకు మార్చండి.