రూపాయికి 8 పైసల వైఫై



పటేల్‌గూడ గదిలో మధ్యాహ్నానికే ఫోన్ డేటా అయిపోతోందనీ, లైబ్రరీ వైఫై వాడితే ఫోన్‌లో ఉన్నదంతా ఎవడో ఊడ్చుకుపోతాడని తోటి పిల్లలు భయపెట్టారనీ రాశావు. గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లకు ఈ రెండూ చిన్న సంగతులు కావు. అందుకే మీ మేనమామ జవాబు కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదువు.

ముందు లైబ్రరీ వైఫై ‘ఉచితం’ అనే మాట సంగతి చూద్దాం. లైబ్రరీలో ఏదీ ఊరికే రాలేదు బిడ్డా. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద, ఇంటి పన్ను కట్టే ప్రతివాళ్లూ దాని మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడతారు. ఏడాదికి 5,000 రూపాయల పన్ను పడే ఇంటికి అది 400. మీ ఓనరు ఆ డబ్బు సొంత జేబులోంచి పెట్టడని వేరే చెప్పాలా? నీ అద్దెలోనే కలిసి ఉంటుంది. స్థానిక సంస్థలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వసూలైన సెస్సు సంస్థకు చేరకుండా మధ్యలోనే ఆగిపోతోందన్న మొర పాతదే. ఆ గొడవ ఎట్లా ఉన్నా, నీ వంతు నువ్వు కట్టినట్టే. మొహమాటం లేకుండా లోపలికి వెళ్లు.

అసలు తెలంగాణలో జనం సర్కారు కోసం చూస్తూ కూర్చోకుండా లైబ్రరీలు పెట్టుకున్నారు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, హనుమకొండలో 1904లో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం అట్లా పుట్టినవే. మీ సంగారెడ్డి జిల్లా జోగిపేటలో 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ జరిగింది. ఆ సభల్ని నడిపినవాళ్లలో చాలామంది గ్రంథాలయోద్యమంలో తిరిగినవాళ్లే. అప్పుడు లైబ్రరీకి పేపరు కోసం వచ్చేవాళ్లు, ఇప్పుడు నెట్ కోసం వస్తున్నారు. తప్పేముంది?

ఇక భయం సంగతి. మీ పిల్లలు చెప్పింది ఒకప్పుడు నిజమే. 2010లో ఫైర్‌షీప్ అని ఒక చిన్న ప్రోగ్రాం వచ్చింది. హోటల్లోనో కాలేజీలోనో తాళం లేని వైఫైలో కూర్చున్నవాడు పక్కవాడి ఫేస్‌బుక్ ఖాతాలోకి ఒక్క క్లిక్కుతో దూరిపోగలిగేవాడు. కారణం, అప్పట్లో చాలా సైట్లు లాగిన్ అయ్యేటప్పుడు మాత్రమే సమాచారాన్ని గుప్తంగా పంపి, తర్వాత విప్పి వదిలేసేవి. ఆ రచ్చ తర్వాత పెద్ద సైట్లన్నీ దారికొచ్చాయి. 2018 జులై నుంచి, రక్షణ లేని ప్రతి సైటునూ ‘సురక్షితం కాదు’ అని క్రోమ్ ముఖం మీదే చెప్పేస్తోంది. కాబట్టి నువ్వు చదివే పాఠాన్ని గాలిలోంచి ఎవడో పట్టేసుకుంటాడన్న బెంగ ఇప్పుడు చాలావరకు అక్కర్లేదు. ఆ హెచ్చరిక కనిపించినప్పుడు మాత్రం మొండిగా ముందుకు పోకు.

ఇప్పటి మోసం వేరు. అది పేరులో ఉంటుంది. వైఫైకి ఎవరైనా ఏ పేరైనా పెట్టుకోవచ్చు. బోర్డు మీద పటాన్‌చెరు అని రాసి ఉన్నంత మాత్రాన బస్సు అటే పోతుందని ఏముంది? ఆస్ట్రేలియాలో ఒకడు విమానాశ్రయాల్లో, విమానాల్లో అసలుదాన్ని పోలిన పేరుతో దొంగ వైఫై పెట్టి, కనెక్టయినవాళ్ల ఈమెయిల్ పాస్‌వర్డులు కాజేశాడని 2024లో అక్కడి పోలీసులు కేసు పెట్టారు. వాడు గాలిలోంచి ఏదీ లాగలేదు. దొంగ లాగిన్ పేజీ చూపిస్తే, జనమే స్వయంగా టైపు చేసి ఇచ్చారు! అందుకే లైబ్రేరియన్‌ను అడిగి వైఫై పేరు అక్షరం పొల్లు పోకుండా తెలుసుకో. ఇంటికొచ్చాక ఆ పేరును ఫోన్‌లోంచి తీసేయి. లేకపోతే అదే పేరు ఎక్కడ కనబడినా ఫోన్ తనంతట తానే అతుక్కుంటుంది.

వైఫై లాగిన్ పేజీ మొబైల్ నంబరు, ఓటీపీ అడిగితే మాత్రం కంగారు పడకు. దానికో కథ ఉంది. 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్లకు కాస్త ముందు వచ్చిన బెదిరింపు మెయిలు, నవీ ముంబైలో ఒక విదేశీయుడి ఇంటి వైఫై నుంచి వెళ్లినట్టు తేలింది. తాళం వేయని వైఫైని ఎవరో వాడుకుపోయారు. 2009 ఫిబ్రవరిలో టెలికాం శాఖ, వైఫై వాడేది ఎవరో తెలిసి తీరాలని ఆదేశాలిచ్చింది. ఓటీపీ ఆ కట్టడిలో భాగమే. ఎస్సెమ్మెస్ పూర్తిగా చదివి, అది నెట్ లాగిన్‌కే వచ్చిందని చూసుకుని కొట్టు. ఆధార్ నంబరో, జీమెయిల్ పాస్‌వర్డో, యూపీఐ పిన్నో అడిగే పేజీ అయితే మూసేసి లేచిపో.

పరీక్ష ఫీజు, అద్దె లాంటి చెల్లింపులకు సొంత సిమ్ డేటానే వాడు. పబ్లిక్ వైఫైలో బ్యాంకు పనులు వద్దని రిజర్వు బ్యాంకు కూడా చెబుతూ ఉంటుంది. పైగా ఒక చెల్లింపుకు అయ్యే డేటా ఎంతని! అది మిగుల్చుకుని బావుకునేదేమీ లేదు.

ఇంకో దొంగ నీ ఫోన్‌లోనే ఉన్నాడు. వైఫై తగలగానే యాప్‌ల అప్‌డేట్లు, ఫోటోల బ్యాకప్ వాటంతట అవే మొదలవుతాయి. నీ పీడీఎఫ్ నత్తనడక నడుస్తుంది, పక్క టేబుల్ పిల్లవాడిదీ అంతే. సెట్టింగ్స్‌లో ఆ వైఫైని ‘మీటర్డ్’ అని పెట్టుకుంటే అవి చాలావరకు ఆగుతాయి.

ఆ నెట్‌తో ఏం చేయాలంటావా? ఎర్నాకుళం స్టేషన్‌లో ఒక రైల్వే కూలీ మూటలు మోస్తూనే స్టేషన్ ఉచిత వైఫైతో పాఠాలు విని, 2018లో కేరళ పబ్లిక్ సర్వీస్ కమిషన్ రాత పరీక్ష గట్టెక్కాడు. అప్పట్లో దేశమంతా చెప్పుకుంది. నీకు కుర్చీ, ఫ్యాను కూడా ఉన్నాయి. పాత ప్రశ్నపత్రాలు, సిలబస్, వీడియో పాఠాలు అక్కడే దించుకుని, గదికొచ్చి నెట్ లేకుండా చదువుకో. ఖరగ్‌పూర్ ఐఐటీ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీలో ఖాతా తెరువు, పైసా అడగరు. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి, అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ఉంటూ పది లక్షల పుస్తకాల్ని స్కాన్ చేయించే పని తలకెత్తుకున్నారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ అందులో చేయి వేసింది. ఆ తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఇప్పటికీ దొరుకుతాయి. తెలంగాణ చరిత్ర పేపరుకు గైడు కన్నా అవి నయమని మామ అభిప్రాయం. కోచింగువాళ్లు ఒప్పుకోరులే.

నువ్వు వెళ్లే లైబ్రరీలో వైఫై లేదనో, ఉన్నా పనిచేయడం లేదనో అంటే నోరు మూసుకుని తిరిగి రావద్దు. చదువుకునే నలుగురు కలిసి సంగారెడ్డిలోని జిల్లా గ్రంథాలయ సంస్థకు అర్జీ రాయండి. అందులో సెస్సు మాట మరవకండి. 2020లో కరోనాకు అమెరికాలో లైబ్రరీలు తలుపులు మూసినా, చాలాచోట్ల వైఫై ఆపలేదు. పిల్లలు పార్కింగ్ స్థలంలో కార్లలో కూర్చుని హోంవర్క్ చేసుకున్నారు. పుస్తకం ఇవ్వలేని రోజున కూడా లైబ్రరీ నెట్ ఇవ్వగలదని అక్కడ రుజువైంది. అర్జీలో ఆ ముక్క కూడా రాయండి.

ఎక్కడైనా మోసపోయి డబ్బు పోతే, సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి. ఎంత తొందరగా చెబితే, ఆ డబ్బును బ్యాంకులో ఆపే వీలు అంత ఎక్కువ.

బీరంగూడ మీదుగా హైవే ఎక్కేసరికి షిఫ్టు బస్సుల రద్దీ మొదలవుతుంది, కొంచెం పెందలాడే బయల్దేరు. లైబ్రరీలకు సాధారణంగా శుక్రవారం సెలవు. ఆ రోజు వెళ్లకు.

ఇట్లు,
మీ మామ