ముందు కడగండి, తర్వాత నూరండి

వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు ‘పదును పెట్టుకోండి’ అని చెప్పి వదిలేస్తాయి. స్టీఫెన్ కవీ 1989లో రాసిన ఏడు అలవాట్ల పుస్తకంలో ఏడో అలవాటు అదే: రంపానికి పదును పెట్టుకోవడం. బాగుంది. కానీ ఏ రంపానికి? ఎప్పుడు? ఎంత? ఈ మూడు ప్రశ్నలూ బాపట్ల జిల్లా చెరుకుపల్లిలోనో, రేపల్లెలోనో గుమ్మాలు, కిటికీలు చేసే వడ్రంగి మేస్త్రిని అడిగి చూడండి. జవాబులు సూటిగా వస్తాయి.

బ్లేడు మొద్దుబారితే ముందు చప్పుడు మారుతుంది. మోటారు మూలుగుతుంది. రేకుల్లా రాలాల్సిన పొట్టు పొడిగా రాలుతుంది. చిత్రిక పట్టిన చెక్క మీద నూగు లేస్తుంది, అక్కడక్కడా మాడిన మరక పడుతుంది. పని తెలిసినవాడు మిషను ఆపుతాడు. తెలియనివాడు చెక్కను ఇంకాస్త గట్టిగా నెడతాడు. చెక్క ఎదురు తన్నేదీ, చెయ్యి జారి బ్లేడు మీదికి పోయేదీ అలాంటప్పుడే. మనం మాత్రం తక్కువ తిన్నామా? గంటలో తేలాల్సిన లెక్క మూడు గంటలైనా తేలకపోతే రాత్రి ఇంకో రెండు గంటలు కూర్చుంటాం. ఎందుకు తేలడం లేదని మాత్రం చూడం.

ఆపగానే సానకు పరిగెత్తకండి. చాలాసార్లు రంపం బ్లేడు అరిగి ఉండదు, పళ్ల పక్కన చెక్క జిగురు గట్టిపడి ఉంటుంది. కాస్త కిరసనాయిలు పూసి, నానాక బ్రష్షుతో రుద్దితే సగం జబ్బు పోతుంది. ‘నాకు నైపుణ్యం చాలడం లేదు’ అని కొత్త కోర్సుకు డబ్బు కట్టే కుర్రాళ్లలో చాలామందికి కావలసింది కోర్సు కాదు. వాళ్లకు సరిపడా నిద్ర కావాలి, వారంగా వాయిదా వేస్తున్న నాలుగు ఫోన్లు చేసెయ్యాలి. నన్నడిగితే, సర్టిఫికెట్ల జబ్బుకు ఇంతకంటే చవకైన మందు లేదు.

అతిగా నూరినా చేటే. ఉలిని సాన చక్రానికి అదిమిపెడితే అంచు వేడెక్కి నీలం తిరుగుతుంది. ఆ నీలం మేర ఉక్కు గట్టిదనం పోయినట్టే. తళతళ మెరుస్తుంది కానీ రెండు దెబ్బలకే వంగుతుంది. మధ్యమధ్య నీళ్లలో ముంచుతూ, తేలికచేత్తో నూరాలి. ఆదివారం కూడా విడిచిపెట్టకుండా వెబినార్లు వినేవాళ్లు ఈ నీలం రంగును గుర్తు పెట్టుకోవాలి.

ఇక ఏ బ్లేడు కొనాలి? హై స్పీడ్ స్టీలు అంచు బాగా సన్నగా వస్తుంది. వేప లాంటి మామూలు చెక్కను నున్నగా దించుతుంది. మొద్దుబారినా మళ్లీ నూరుకోవచ్చు. ప్లైవుడ్, ఎమ్‌డీఎఫ్ షీట్ల దగ్గర మాత్రం వాటిలోని జిగురు ఆ అంచును ఇట్టే తినేస్తుంది. టేకులోనూ సిలికా ఉంటుంది, అదీ అంచును అరగదీస్తుంది. అక్కడ టంగ్‌స్టన్ కార్బైడ్ వాడాలి. 1920లలో జర్మనీలో క్రుప్ కంపెనీ విడియా పేరుతో అమ్మిన రకం ఇది. వర్క్‌షాపుల్లో ఇప్పటికీ ఆ పేరుతోనే అడుగుతారు. ఎంత గట్టిదో అంత పెళుసు. పాత తలుపులో మిగిలిన ఒక్క మేకు తగిలితే చాలు, అంచు పెచ్చులూడుతుంది. మామూలు సాన మీద దీనికి పదును రాదు, డైమండ్ చక్రం కావాలి. అందుకే పాత చెక్కకు ముందు మేకులు వెతికి పీకాలి. మనుషుల్లోనూ ఎంత వత్తిడికీ చెక్కుచెదరని గట్టివాళ్లుంటారు, ఒక్క మాటకు పుటుక్కున విరుగుతారు. అలాంటివాళ్లను పనిలో పెట్టుకుంటే మేకులు తీసే పూచీ మీదే.

నాలుగంచుల చదరపు కార్బైడ్ ముక్కలైతే నూరక్కర్లేదు, ఒక అంచు అరిగితే పావుచుట్టు తిప్పి బిగించడమే. తిప్పేముందు అది కూర్చునే చోటు తుడవాలి. అడుగున పొట్టు రేణువు ఉండగా స్క్రూ బిగిస్తే ముక్క పగులుతుంది. చిత్రిక మిషను బ్లేడ్లు జంటగా మార్చాలి. ఒకటి కొత్తదీ ఒకటి అరిగినదీ అయితే బరువు తేడా వచ్చి బ్లేడ్లు బిగించిన తల అదురుతుంది, చెక్క మీద అలలు పడతాయి. భాగస్వాములతో షాపు నడిపేవాళ్లకు ఇది వేరే చెప్పాలా? ఒకరు కొత్త పని నేర్చుకుని రెండోవారు పాత లెక్కలోనే ఉంటే అదురు తప్పదు. ఇద్దరూ కలిసి నేర్చుకోండి.

చెరుకుపల్లికి సముద్రం దూరం కాదు. ఉప్పుగాలికి ఉక్కు బ్లేడు పనిలేకుండా ఊరికే ఉన్నా తుప్పు పడుతుంది. తుడిచి, నూనె రాసి, ఒకదానికొకటి తగలకుండా కాగితంలో చుట్టి పెట్టండి. బ్లేడు మీద చెయ్యి వేసే ముందు ప్లగ్గు పీకెయ్యండి. స్విచ్ కట్టేస్తే సరిపోదు.